పులికాట్ ఇసకలో మన చంద్రగిరి

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది, మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనకాల వినబడతా ఉందా? ఆ ఫ్యానొకటి ఆపండి నాయనా, నా గొంతు అసలే అంతంత మాత్రం. ఆ, ఇప్పుడు సరిపోయింది.

పులికాట్ గురించి మాట్లాడమన్నారు. పులికాట్ అంటే మనోళ్ళకి వెంటనే గుర్తొచ్చేవి రెండే, ఒకటి ఫ్లెమింగోలు ఇంకోటి శ్రీహరికోట రాకెట్లు. చలికాలం వస్తే సూళ్ళూరుపేట కాడ ఫ్లెమింగో ఫెస్టివల్ అంటారు, పిల్లకాయల్ని ఎక్కించుకుని పోతాం, ఎక్కడో దూరంగా నీళ్ళలో తెల్లగా కొన్ని చుక్కలు కనబడతాయి, అవే పక్షులు అంటాం, ఫోన్లో ఏమీ పడదు, బజ్జీలు తిని వచ్చేస్తాం. (నవ్వులు) నేను ఈరోజు ఆ పక్షుల జోలికి పోను. సరస్సు ఎక్కువ భాగం మనవైపే ఉంది గానీ, దక్షిణం కొసన తమిళనాడు సైడు పులికాట్ అనే ఊరొకటి ఉంది, పళవేర్కాడు అంటారు అక్కడ, తిరువళ్ళూరు జిల్లా కిందికి వస్తది. ఆ ఊరు, ఆ ఊరి ముందర సముద్రం ఒడ్డు, దాని గురించి చెప్తా.

ముందే చెప్పేస్తా ఉండా, అక్కడ చూసేదానికి పెద్దగా ఏమీ లేదు. మహాబలిపురం లాగా రథాలూ గుళ్ళూ ఉంటాయని పోతే నిరాశే. అయినా ఎందుకు పొమ్మంటా ఉండానంటే, ఆ ఒడ్డు చరిత్రలో సగం భాగం అక్కడ లేదు, ఇక్కడుంది, మన చంద్రగిరిలో ఉంది, తిరుమల కొండమీద ఉంది. మనం తిరుపతోళ్ళం, మనకీ సముద్రానికీ ఏం సంబంధం, కొండలు చూసుకుంటా పెరిగినోళ్ళం అనుకుంటాం గదా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు తిరుపతి జిల్లాకి సముద్రం వచ్చింది అని పేపర్లో రాస్తే అదేదో కొత్త విషయంలా అనుకున్నాం. నాలుగొందల ఏళ్ళ కిందటే ఉంది సంబంధం, అదీ మామూలు సంబంధం కాదు.

సరే, ముందు ఊర్లోకి పోదాం. ఊర్లో కోట ఉంది అంటారు, గెల్డ్రియా కోట, డచ్చివాళ్ళు 1613లో కట్టిందది. పోతే మీకు కనబడేది తుమ్మచెట్లు, ముళ్ళపొదలు, మేకలు. చుట్టూ కందకం ఆనవాలు ఉంటది, అంతే. 1806లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని పడగొట్టేశారు. బోర్డు చదువుకుని ఓహో ఇదా కోట అనుకుని వెనక్కి తిరగాల్సిందే.

దానికన్నా డచ్చివాళ్ళ శ్మశానం చూడండి. అది మాత్రం పురావస్తు శాఖవాళ్ళ రక్షణలో ఉంది, గేటు, కాంపౌండు గోడ ఉన్నాయి. ఆ లోపలికి పోయే ద్వారం ఉంది చూడండి, అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడుంటాయి. నిలువునా, పక్కటెముకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. మన గుళ్ళో ద్వారపాలకులు ఉంటారు గదా జయవిజయులు, వాళ్ళ జాగాలో ఎముకల గూళ్ళు. నాతో వచ్చిన ఒక చిన్నపిల్ల అది చూసి లోపలికి రానని మొండికేసింది, నేను కూడా బలవంతం చెయ్యలేదు. లోపల పెద్ద పెద్ద రాతిపలకలు పరిచుంటాయి, వాటిమీద డచ్చి భాషలో పేర్లు, వాళ్ళ వంశచిహ్నాలు, అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కారు కాబట్టి కళ్ళు మూసుకుని వేలు పెట్టి తడిమినా తెలుస్తాయి. 1600ల నాటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కడ హాలెండు, ఎక్కడ పులికాట్, వ్యాపారానికి వచ్చి మన ఎండకీ జ్వరాలకీ పోయినవాళ్ళు. పిల్లల సమాధులు చూస్తే మాత్రం ఎవరికైనా బాధనిపిస్తది.

తర్వాత వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం వైపు పోతే సముద్రం. ఊరికీ సముద్రానికీ మధ్యలో ఈ ఉప్పునీళ్ళ సరస్సు ఉంటది, అవతల ఇసక దిబ్బ, దిబ్బకి అవతల అసలు సముద్రం. ఉత్తరంగా పోయే కొద్దీ ఇదే ఇసక శ్రీహరికోట దీవి అవతది. నేను చెప్పేదేంటంటే, బీచ్‌కి పోతే మనోళ్ళు చేసే పని కాళ్ళు తడుపుకోవడం, సెల్ఫీ, మిరపకాయ బజ్జీ, మామిడికాయ ముక్కలు. అవన్నీ చేసుకోండి, వద్దనను, కానీ ఒక అరగంట ఒక పక్కన కూర్చుని ఆ అలల్ని చూడండి. విరిగేది ఒక్క అల కాదు అక్కడ. దూరంగా ఒక వరస విరిగి నురగ కడతది, మళ్ళీ ఇంకొంచెం దగ్గర్లో ఇంకో వరస, మళ్ళీ ఒడ్డుకాడ ఇంకోటి. జాలరోళ్ళు ఫైబర్ బోటుని లోపలికి తోసేటప్పుడు చూడండి, నలుగురు పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉంటారు, ఊరికే తొయ్యరు, ఎదురు చూస్తారు. ఒక పెద్దాయన అలల్ని చూస్తా ఉంటాడు, రెండు మూడు పెద్ద అలలు పోనిచ్చి ఒక్క కేక వేస్తాడు, అప్పుడు అందరూ ఒక్కసారిగా తోసి ఎగిరి ఎక్కేస్తారు, ఇంజను స్టార్టు చేస్తారు. ఆ కేక రెండు సెకన్లు లేటయిందంటే బోటు అడ్డం తిరుగుతది, అయిపోయింది.

ఇప్పుడు ఇంజన్ ఉంది, ఫైబర్ ఉంది, అయినా ఇంత కష్టం. మరి 1600లలో వందల టన్నుల ఓడ వచ్చి నిలబడితే, అందులో సరుకు ఒడ్డుకి ఎట్లా తెచ్చారు? ఇది ఎవరూ అడగరు. రేవు అంటే మనకి కృష్ణపట్నమో వైజాగో గుర్తొస్తది, క్రేన్లు, జెట్టీలు, లారీల క్యూ. ఈ తీరంలో అప్పట్లో అదేమీ లేదండీ. రేవంటే ఈ ఇసకే. పెద్ద ఓడ లోతు నీళ్ళలో, ఒడ్డుకి దూరంగా లంగరేసుకుని నిలబడేది, అక్కడినుంచి ఒడ్డుదాకా మన జాలరోళ్ళ మసూలా పడవలే గతి. ఆ మసూలా పడవ గమ్మత్తయింది, అందులో ఒక్క మేకు ఉండదు. పలకల్ని కొబ్బరి పీచుతాడుతో కుట్టేస్తారు, గుడ్డ కుట్టినట్టు. ఎందుకంటే మేకులు కొట్టి బిగించిన యూరప్ పడవ ఈ అల దెబ్బకి ఒడ్డున పడితే పగిలిపోతది, ఇదైతే కొంచెం వంగతది, సాగతది, కుట్ల మధ్య నీళ్ళు కారతాయి, తోడిపోసుకుంటారు, పగలదు. యూరప్ నుంచి అంతంత ఫిరంగులు వేసుకుని వచ్చిన కంపెనీలు కూడా ఆఖరి మైలు మాత్రం మన పట్టపు జాలరోళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టాల్సిందే. మద్రాసులో అయితే 1800లు సగం దాటినాక గానీ ఈ పడవల అవసరం తగ్గలా.

ఇంకోటి గాలి. నైరుతి గాలితో మన తీరం నుంచి తూర్పుకి, మలక్కా, జావా వైపు పోవడం, ఈశాన్య గాలి పట్టుకుని వెనక్కి రావడం. అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే ఈ ఒడ్డున ఓడ నిలబడకూడదు, తుపాన్లు. మన వాయుగుండాలే, అవే నెలలు, ఏం మారలా.

ఇక్కడ ఒక్క నిమిషం మోటుపల్లి దాకా పోయి వద్దాం, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడ వీరభద్రేశ్వరుడి గుడికాడ ఒక శాసన స్తంభం ఉంది, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించింది, అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు ఏం చేసేవాళ్ళంటే, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడ తుపానుకి కొట్టుకొచ్చి మన ఒడ్డున పడితే అందులో ఉండే బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ లాగేసుకునేవాళ్ళు. ఒడ్డున పడింది కాబట్టి రాజుది, అంతే లెక్క. గణపతిదేవుడు ఏమన్నాడంటే, ప్రాణం కన్నా ధనమే ఎక్కువ అనుకుని సముద్రం మీదికి ఇంత సాహసం చేసి వచ్చేవాళ్ళు వీళ్ళు, వీళ్ళ దగ్గర మేం న్యాయమైన సుంకం తప్ప ఇంకేం తీసుకోం అన్నాడు. సుంకం కూడా ముప్పైలో ఒక వంతు అని రాసి పెట్టాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, దేనికెంతో విడివిడిగా ఉంది. రాయి మీద ఉంది కాబట్టి ఇవాళ ఒక రేటు రేపు ఒక రేటు కుదరదు. (నవ్వులు) నవ్వతా ఉండారు, మీలో వ్యాపారాలు చేసేవాళ్ళకి బాగా తెలుసు నేనేం చెప్తా ఉండానో.

దీన్ని ఎందుకు చెప్పానంటే, ఈ తీరంలో సహజమైన హార్బరు తక్కువ. గోడలు కట్టి ఓడని కాపాడే ఏర్పాటు లేదు. అప్పుడు పరాయి వ్యాపారి ఈ ఇసకనే ఎందుకు నమ్ముకుని వస్తాడు? రాజు మాట ఉంది కాబట్టి వస్తాడు. మాట పోయిందంటే ఓడ పక్క ఊరికి పోతది, అక్కడ కూడా ఇదే ఇసక కదా.

ఇప్పుడు చంద్రగిరికి వద్దాం. మీరంతా చూసుంటారు రాజమహల్, సౌండ్ అండ్ లైట్ షో కూడా చూసుంటారు. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం పెనుకొండకి పోయింది, అక్కడినుంచి వెంకటపతిరాయలు 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి తెచ్చాడు. తర్వాత వేలూరు కూడా చేతికొచ్చింది, అక్కడా ఉన్నాడు. ఈ రాయల్ని మీరందరూ చూశారు, తెలియకుండానే చూశారు. కొండమీద మహాద్వారం దాటంగానే కుడిచేతి వైపు కృష్ణదేవరాయలు ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలబడుంటాడు గదా, అందరూ అటే చూస్తారు. ఎదురుగా ఇంకో పక్క అచ్యుతరాయలు, వరదాజమ్మ, వాళ్ళకాడే ఇంకొక విగ్రహం ఉంటది, అదే వెంకటపతిరాయలు. ఆ టైముకి మనం ఎవరికి చూసే తీరిక ఉంటది, వెనకనుంచి తోస్తా ఉంటారు, గోవిందా గోవిందా అని ముందుకి పోవడమే. ఈసారి పోయినప్పుడు ఒక్క క్షణం అటు తల తిప్పండి.

ఈయన కాలంలో 1598లో జెస్యూట్ పాదరీలు చంద్రగిరికి వచ్చారు, ఆదరించాడు. పోర్చుగీసువాళ్ళు అప్పటికే మైలాపూరు పక్కన శాంథోమ్‌లో పాతుకుపోయి ఉన్నారు. ఇంకొన్నేళ్ళకి డచ్చివాళ్ళు దిగారు. వాళ్ళకీ వీళ్ళకీ పడదు. డచ్చివాళ్ళు 1610లో వెంకటపతిరాయల దగ్గర పులికాట్‌లో వ్యాపారానికి అనుమతి సంపాదించారు. అప్పటికి పులికాట్ ఊరిమీద అజమాయిషీ ఆయన రాణుల్లో ఒకావిడది. 1612లో పోర్చుగీసువాళ్ళు వచ్చి డచ్చివాళ్ళ కొట్టు మీద పడి ధ్వంసం చేశారు. ఆ దెబ్బతోనే మరుసటేడు కోట లేచింది. గట్టిగా చెప్పాలంటే రెండు పరాయి దేశాలు మన ఒడ్డున కొట్టుకుంటా ఉంటే, ఎవరిని ఉండనియ్యాలో తేల్చేది మాత్రం ఈ కొండల నడుమ కూర్చున్న రాజు. ఇద్దరూ కానుకలు పట్టుకుని మన కొలువు చుట్టూ తిరిగారు.

ఇంకా ఒకటి చెప్తా, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. వెంకటపతిరాయలు కొట్టించిన వరహా ఒకటుంది. బంగారం, మూడున్నర గ్రాముల లోపు, చూస్తే చిటికెనవేలి గోరంత ఉంటది. దానిమీద ఒక పక్క తోరణం కింద నిలబడిన వేంకటేశ్వరస్వామి, రెండో పక్క నాగరి లిపిలో శ్రీవేంకటేశ్వరాయ నమః అని. మ్యూజియంలో అద్దం వెనకాల పెడితే కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని చూడాల్సి వస్తది. ఈ తీరమంతా బంగారు వరహాల మీదే వ్యాపారం. తూర్పు దీవులకి పోయే సరుకు బేరానికి, జాలరోడి కూలికి కాదులెండి, వాడికి చిల్లర కాసులే, కానీ పెద్ద బేరాలకి ఆ స్వామి బొమ్మే చేతులు మారింది. డచ్చివాళ్ళు పులికాట్‌లో సొంత టంకశాల పెట్టుకున్నా మన వరహా పద్ధతిలోనే కొట్టారు, లేకపోతే ఇక్కడ ఎవరు తీసుకుంటారు? తర్వాత మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ కూడా స్వామివారు ఇద్దరు దేవేరులతో ఉన్న వరహాలు వేసింది. కాల్విన్ మతం పట్టిన డచ్చివాడు, విగ్రహం అంటేనే మండిపడేవాడు, రోజంతా కూర్చుని మన ఏడుకొండలవాడి బొమ్మలు లెక్కపెట్టుకున్నాడు. (నవ్వులు, చప్పట్లు)

మరి ఆ వరహాలు పోసి ఏం కొన్నారు? గుడ్డ. ముఖ్యంగా గుడ్డే. జాజికాయ, లవంగం కోసం గదా వీళ్ళు యూరప్ నుంచి బయలుదేరింది. అవి పండేది తూర్పున బండా దీవుల్లో, మొలుక్కా దీవుల్లో. అక్కడోళ్ళకి యూరప్ సరుకు మీద మోజు లేదు, ఉన్ని గుడ్డ ఆ ఎండకి ఎవడు కట్టుకుంటాడు. వాళ్ళకి కావాల్సింది మన కోరమాండల్ తీరపు నూలుగుడ్డ, రంగుపోనిది, చెక్స్, అద్దకం. అంటే ఇక్కడ వరహాలిచ్చి గుడ్డ కొని, అక్కడ గుడ్డ ఇచ్చి లవంగం కొని, దాన్ని యూరప్‌లో అమ్మాలి. మన గుడ్డ లేకపోతే వాళ్ళకి మసాలా లేదు. ఇప్పటికీ మలేషియాలో మగాళ్ళు కట్టుకునే గళ్ళ లుంగీని కైన్ పెలికాట్ అంటారు, మన ఊరి పేరే అది.

ఆ రంగు పని ఎట్లా ఉంటదో చూడాలంటే పులికాట్ పోనక్కర్లేదు, శ్రీకాళహస్తికి పోండి. కాళహస్తి గుడ్డే ఆ ఓడలెక్కింది అని నేను చెప్పను, అక్కడ ఎక్కువగా గుడి గుడ్డలు, దేవుళ్ళ కథలు రాశారు. కానీ పని అదే. గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు, పాలు ఎందుకంటే రంగు పక్కకి పాకకుండా. వెదురు పుల్ల కొసకి గుడ్డ చుట్టి దారం కట్టిన కలం. దాన్ని నల్లరంగులో ముంచి, ఆ చుట్టని వేళ్ళతో నొక్కతా గీత లాగుతారు, ఎంత నొక్కితే అంత కారతది, ఎక్కువైతే గుడ్డ ఖరాబు. ఆ నల్లరంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో వారాలు వారాలు ఊరబెట్టింది, ఆ కుండ మూత తీస్తే వాసన చూసి మళ్ళీ అన్నం తినబుద్ధి కాదు. ఎరుపు రావాలంటే పటికతో గీసి, మొక్క వేర్ల నుంచి తీసిన రంగులో ఉడకేస్తారు, పటిక ఉన్న చోటే ఎరుపు పట్టతది, మిగతాది కడిగితే పోతది. ప్రతి రంగుకీ కడగాలి, అదీ పారే నీళ్ళలో. అందుకే స్వర్ణముఖి ఒడ్డున ఆ పని. ఆ స్వర్ణముఖి ఎక్కడ పుట్టింది? మన చంద్రగిరి కొండల్లో. ఎక్కడ కలుస్తది? వాకాడు దాటి సముద్రంలో. ఇప్పుడు నదిలో నీళ్ళు యాడున్నాయిలే, అది ఇంకో సభ పెట్టుకోవాలి.

ఈ గుడ్డ నేతగాడి దగ్గర నుంచి ఓడదాకా నడిపించింది మనోళ్ళే. డచ్చి కాగితాల్లో మలయ అని ఒకాయన పేరు మాటిమాటికీ వస్తది, అసలు పేరు అచ్యుతప్ప చెట్టి, బలిజాయన. పులికాట్‌లో డచ్చివాళ్ళకి పెద్ద దళారి. ఊరూరికీ అడ్వాన్సులిచ్చి గుడ్డ నేయించేది, రాజులకీ కంపెనీకీ మధ్య మాట కుదిర్చేది, ఇంకో పక్క సొంత ఓడలు తిప్పేది, సుంకాలు గుత్తకి తీసుకునేది. 1634లో చనిపోయాడు, తర్వాత ఆయన తమ్ముడు చిన్నన్న అందుకున్నాడు. ఈయన కంపెనీ నౌకరా, కంపెనీయే ఈయన మీద ఆధారపడిందా అంటే, నన్నడిగితే రెండోదే నిజం. పిల్లకాయల పాఠ్యపుస్తకాల్లో మాత్రం డూప్లే, క్లైవ్ ఉంటారు, అచ్యుతప్ప ఎక్కడా ఉండడు.

ఇంతవరకు విని అబ్బో మన తీరం ఎంత గొప్పదో అనుకుంటా ఉంటారు. రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు. ఆ ఇసక మీదనుంచి గుడ్డే పోలేదు, మనుషులు కూడా పోయారు, బానిసలుగా. వెంకటపతిరాయలు 1614లో పోయాడు. పోవడం పోవడం సింహాసనం కోసం కొట్లాట, రాజకుటుంబాన్నే నరికేశారు, 1616 ప్రాంతంలో తోపూరు యుద్ధం, ఆ వెనకాలే 1618 నుంచి 1620 దాకా కరువు. వర్షం లేదు, సైన్యాలు పొలాలు తొక్కేశాయి, బువ్వ లేదు. పిల్లల్ని అమ్ముకున్నారు, తమని తాము అమ్ముకున్నారు. సరిగ్గా 1619లో డచ్చివాళ్ళు జావాలో బటావియా పట్నం కట్టుకుంటా ఉన్నారు, వాళ్ళకి కూలోళ్ళు కావాలి. పులికాట్ కోటే దీనికి ముఖ్యమైన అడ్డా. వేలమందిని ఓడలెక్కించారు. ఎప్పుడు కరువొస్తే అప్పుడు ఈ వ్యాపారం పెరిగింది, మళ్ళీ 1640లలో కూడా. అంతకుముందు చెప్పాను చూడండి, అలలు మూడు వరసలు, మసూలా పడవ... ఆ పడవలోనే వీళ్ళు కూడా పోయారు. కడప, నెల్లూరు సైడు మెట్టభూముల్లో పుట్టి సముద్రం ముఖం చూడనోళ్ళు కూడా ఉండుంటారు వాళ్ళలో. డచ్చివాడికి పేరూ ఊరూ చెక్కిన రాయి ఉంది ఆ శ్మశానంలో, వీళ్ళకి ఒక్క రాయి లేదు, ఒక్క బోర్డు కూడా లేదు ఆ ఊళ్ళో. కనీసం ఒక బోర్డు పెట్టాలి అని నేను ఎప్పట్నుంచో అంటా ఉండా. పెట్టేవాళ్ళకి తమిళంలో, తెలుగులో రెండిట్లో పెట్టమని నా మనవి, పోయినోళ్ళు ఏ భాషోళ్ళో ఓడ అడగలేదు గదా.

ఇంగ్లీషువాళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తా, టైమయింది. డచ్చివాళ్ళతో కుదిరిన ఒప్పందం మీద 1621లో పులికాట్‌లో చేరారు, పొసగలేదు, రెండేళ్ళకే సర్దుకున్నారు. 1626లో మన దుగరాజపట్నంలో దిగారు, వాకాడు పక్కన, వాళ్ళు ఆర్మగాన్ అని రాసుకున్నారు. ఈ తీరంలో వాళ్ళ మొదటి కోట అదే, ఫిరంగులు కూడా పెట్టుకున్నారు. అక్కడా గుడ్డ బాగా దొరకలేదని 1639లో ఫ్రాన్సిస్ డే ఇంకా దక్షిణంగా పోయి, దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసు జాగా తీసుకున్నాడు. ఈ దామర్లవాళ్ళు ఎవరు? కాళహస్తి వాళ్ళు. పైన రాజు ఎక్కడోడు? చంద్రగిరి ఆయన. చూస్తిరా, మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. ఇంక మద్రాసు పెరిగే కొద్దీ పులికాట్ తగ్గింది, 1690లో డచ్చివాళ్ళు హెడ్డాఫీసుని నాగపట్నానికి మార్చేశారు, సరస్సు మొగ ఇసకతో పూడతా వచ్చింది, చివరికి 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. అప్పటికి అది పెద్దగా ఎవరికీ అక్కర్లేని ఊరు.

ఇప్పుడు పోతే మీకు ఆ సరస్సులో ఇరుళ ఆడవాళ్ళు కనబడతారు. మనవైపు యానాదులున్నట్టు అక్కడ వీళ్ళు. మోకాళ్ళలోతు నీళ్ళలో బురదలో కూర్చుని పాకతా, రెండు చేతుల్తో అడుగున తడుముతా రొయ్యల్ని పట్టుకుంటారు. చేతులు రెండూ నీళ్ళలో ఉంటాయి కాబట్టి తాటాకు బుట్టని పళ్ళతో కరిచి పట్టుకుంటారు, దొరికిన రొయ్యని అట్లానే తల పక్కనుంచి బుట్టలో వేస్తారు. గంటలు గంటలు. వలా లేదు, పడవా లేదు. ఆ రొయ్య సాయంత్రానికి మద్రాసు హోటల్లో ఎంత రేటుకి పోతదో మీకు తెలుసు, ఆమెకి ఎంత వస్తదో కూడా ఊహించుకోవచ్చు. దయచేసి ఆ పక్కన నిలబడి వీడియోలు తియ్యొద్దు, పాపం పనిలో ఉంటారు.

అంతే, నా మాటలు అయిపోయినాయి. ఏమన్నా అడగాలనుకుంటే అడగండి.

(సభలోంచి: సార్, పులికాట్ కోట నుంచి చంద్రగిరికి సొరంగం ఉందంటారు, నిజమేనా?)

(నవ్వి) అన్నా, మనూళ్ళలో సొరంగం లేని కోట ఉందా? చంద్రగిరి నుంచి తిరుమలకి ఒకటి, గుర్రంకొండకి ఒకటి, ఎవరినడిగినా మా తాత చూశాడంటారు. పులికాట్‌లో రెండడుగులు తవ్వితే నీళ్ళు, అక్కడ సొరంగం తవ్వితే ముందు చేపలు వస్తాయి. లేదన్నా.

(సభలోంచి ఒకావిడ: మా పిల్లల్ని తీసుకుపోవాలంటే ఎట్లా పోవాలండీ? బోటింగ్ ఉందా?)

కారైతే శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం, తడ మీదుగా హైవే ఎక్కి, గుమ్మిడిపూండి దాటి పొన్నేరి వైపు తిరగండమ్మా, పొన్నేరి నుంచి దగ్గరే. బస్సులో అయితే పొన్నేరిలో మారాలి. బోటింగ్ మాత్రం వద్దు. 2011 క్రిస్మస్ రోజు అక్కడ టూరిస్టుల పడవ తిరగబడి 22 మంది చనిపోయారు, ఒకే కుటుంబం వాళ్ళే ఎక్కువ. ఆ తర్వాత బోటు షికారు నిషేధించారు, అయినా ఎవరో ఒకరు వచ్చి రండి సార్ తిప్పుతాం అంటారు, ఎక్కొద్దు. వంతెన ఉంది గదా, నడిచి పోవచ్చు. సముద్రంలో కూడా మోకాలు దాటి దిగనివ్వద్దు పిల్లల్ని, ఆ ఒడ్డు సంగతి ఇంతసేపూ చెప్పాను. జనవరి, ఫిబ్రవరి అయితే బాగుంటది, ఎండ తక్కువ. శ్మశానం ముందు చూసేసుకోండి, సాయంత్రమైతే గేటు వేసేస్తారు. భోజనం పొన్నేరిలోనే తినేసి పోండి, ఊళ్ళో మీరనుకునే హోటళ్ళు ఉండవు.